పిట్టి సౌధంలో వరుస లేదన్నవారికి



ఇటీవల మన మిత్రులొకరు తమ ఇటలీ యాత్రను వరుసగా టపాలలో వ్రాస్తూ వచ్చారు. రోమును గురించి, వెనిసును గురించి వ్రాసినవి ఆసక్తితో చదివాను. ఫ్లారెన్సు నగరంలోని పిట్టి సౌధం దగ్గరకు వచ్చేసరికి నాకు వారితో పేచీ వచ్చింది. మూడున్నర శతాబ్దాలకు పైగా పాలకుల చేతిలో ఉన్న ఆ ఇంటికి వారు కేటాయించినది ఒక్క పేరా. అందులోని అభియోగాలు ఇవి: చిత్రపటాలను గోడల నిండా, క్రింది నుండి పై దాకా, ఊపిరాడకుండా తగిలించారు, కాలక్రమం లేదు, చిత్రకారుల వరుస లేదు, వెనుకనున్న తోటలో పూలు లేవు, ఎక్కుడు మాత్రం ఉన్నది, అరపూట చాలును. క్రింద వ్యాఖ్యలలో మరొకరు ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఈ పటాలు లండనుకో పారిసుకో పోయి ఉంటే తెల్లని గోడ మీద చక్కగా పెట్టి ఉండేవారట. కళాఖండం ఎక్కడ ఉంటేనేమి, భద్రంగా ఉంటే చాలునట. దానికి పదిమంది తలలూపారు.

నేను ఊపలేను. వ్యాఖ్యగానే వ్రాయబోయాను, అది పొడవై కూర్చున్నందున ఇక్కడ పెడుతున్నాను.

ముందు వరుస సంగతి తేల్చుకుందాము. మా అమ్మాయి వెంట ఫ్లారెన్సు వెళ్ళినప్పుడు నేను పిట్టికి రెండు రోజులు ఇచ్చాను. ఒక రోజు సౌధానికి, ఒక రోజు తోటకు. సౌధం మొదటి అంతస్తులో పలతీనా చిత్రశాల ఉన్నది. అందులో ముఖ్యమైన అయిదు గదులకు గ్రహాల పేర్లు. 1640లలో గ్రాండ్ డ్యూక్ రెండవ ఫెర్దినాందో కోరగా పియెత్రో ద కొర్తోనా అనే చిత్రకారుడు వాటి కప్పులపై చిత్రరచన మొదలుపెట్టాడు. మిగిలిన భాగాన్ని అతని శిష్యుడు చీరో ఫెర్రి పూర్తిచేశాడు. నాటి కొలువుకు వచ్చే అతిథి నడిచే క్రమంలో ఆ గదుల పేర్లు వీనస్, అపోలో, మార్స్, జూపిటర్, శాటర్న్. అంటే శుక్రుడు, రవి, కుజుడు, గురుడు, శని. నాకు అక్కడే కాలు ఆగిపోయింది. మన సిద్ధాంత గ్రంథాలు గ్రహకక్ష్యలను చెప్పే క్రమం చంద్రుడు, బుధుడు, శుక్రుడు, రవి, కుజుడు, గురుడు, శని. మొదటి ఇద్దరిని విడిచిపెడితే మిగిలినది అక్షరాలా ఆ గదుల వరుస! భూమిని మధ్య నిలిపి ఆకాశాన్ని లెక్కించిన ప్రాచీనుల వరుస అది. ఇది నాకు మార్గదర్శినీ పుస్తకం చెప్పలేదు, పంచాంగం చూసే అలవాటు చెప్పింది.

ఇందులో ఒక వింత కూడా ఉన్నది. 1610లో గురుగ్రహానికి నాలుగు ఉపగ్రహాలున్నవని కనిపెట్టిన గెలీలియో, వాటికి ఈ వంశం పేరనే మెడిచి నక్షత్రాలని పేరు పెట్టాడు. ఫెర్దినాందో తండ్రికి చదువు చెప్పినవాడు ఆయన. భూమి తిరుగుతున్నదన్నందుకు శిక్షపడి, ఈ తోటకు ఆవలి కొండల మీద ఆర్చెత్రిలో గృహనిర్బంధంలో ఉండి, 1642లో కన్నుమూశాడు. అదే కాలంలో ఇక్కడ కప్పు మీద పాత ఆకాశపు వరుసకు రంగులద్దుతున్నారు. ఆ గదులలో నిలబడి తల ఎత్తినవారికి ఈ రెండూ ఒకేసారి కనబడతాయి. తెల్లని గోడ మీద ఏమి కనబడుతుంది?

కప్పుల మీద ఉన్నది ఒక రాజకుమారుని చదువు. వీనస్ గదిలో మినర్వా ఆ బాలుణ్ణి భోగాల ఒడి నుండి లాగివేస్తుంది. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క విద్య నేర్చుకుంటూ అతడు పెరుగుతాడు. జూపిటర్ గది సింహాసనపు గది. శని గదికి వచ్చేసరికి వార్ధక్యం, వివేకం.

ఇక కుజుని గదిలో రూబెన్స్ 1638 ప్రాంతంలో చిత్రించిన 'యుద్ధ ఫలితాలు' అనే పెద్ద పటం ఉన్నది. యుద్ధదేవత మార్స్ ఆలయద్వారం తెరుచుకొని బయటకు దూకుతున్నాడు. వీనస్ రెండు చేతులా పట్టి ఆపుతున్నది, ఆగడు. కోపదేవత అతణ్ణి ముందుకు ఈడ్చుకొనిపోతున్నది. అతని కాళ్ళ క్రింద పుస్తకాలు, కాగితాలు నలిగిపోతున్నవి. వాద్యం విరిగి పడి ఉన్నది. బిడ్డను చేతబట్టుకున్న తల్లి నేల మీద పడి ఉన్నది. నల్లని దుస్తులలో చేతులెత్తి ఏడుస్తున్న స్త్రీ యూరపు ఖండం. ముప్ఫై యేండ్ల యుద్ధం జరుగుతుండగా వేసిన పటం అది. కప్పు మీదనేమో అదే మార్స్ విజయవైభవంతో వెలిగిపోతున్నాడు! పైన పొగడ్త, క్రింద తిట్టు. ఆ పటాన్ని రూబెన్స్ గదిగా సర్దిన ఒక శాలకు తరలిస్తే చిత్రకారుని గురించి ఒక పాఠం మిగులుతుంది. ఇక్కడ జరుగుతున్న వాదం మాత్రం ఆగిపోతుంది.

కాబట్టి వరుస లేదన్న మాట సగమే నిజం. మ్యూజియం వరుస లేదు, ఇంటి వరుస ఉన్నది. మన పాత ఇళ్ళలో వసారా గోడ మీద శ్రీరామ పట్టాభిషేకం పటం, దాని ప్రక్క తాతగారి ఫోటో, ఆ ప్రక్క చిన్నమామయ్య పట్టా పుచ్చుకున్ననాటి ఫోటో, క్రింద ఎవరో కుట్టిన కుక్కపిల్ల బొమ్మ ఉండేవి. వాటిని కాలక్రమంలో సర్దమని ఎవరమూ అడగలేదు. ఆ గోడ చూస్తే ఆ ఇల్లు తెలిసేది. పలతీనాలోని పటాలు అలాగే, పరిమాణాలు పొసగేటట్లు, బంగారు చట్రాలు ఒకదానికొకటి జవాబు చెప్పేటట్లు, ఆ ఇంటివారు తగిలించినవి. మెడిచి వంశం తరువాత వచ్చిన లొరేన్ వంశపు డ్యూకులు 18వ శతాబ్ది చివరిలోను, 19వ శతాబ్ది మొదటిలోను చేసిన ఏర్పాటు అది. ఊపిరాడలేదన్న మాటను నేను కాదనను. నాకూ మెడ నొప్పి పుట్టింది. అయితే పెళ్ళివారింట్లో జనం ఎక్కువైనారని ఇంటి గోడలు మార్చమంటామా?

ఇక అసలు విషయం. ఆ పటాలు ఆ గోడల మీదనే ఎందుకు మిగిలినవి? దీనికి సమాధానం తెలియకుండా ఆ సౌధాన్ని అరపూట చూసినా ఆరు పూటలు చూసినా ఒకటే.

సౌధాన్ని 1458 ప్రాంతంలో ప్రారంభించినవాడు లూకా పిట్టి అనే వడ్డీవ్యాపారి. నమూనా గీసినవాడు మహాశిల్పి బ్రునెల్లెస్కి అని ఒక ప్రతీతి ఉన్నది, కాని ఆ మహానుభావుడు 1446లోనే పోయాడు. ఇల్లు పూర్తికాకుండానే 1472లో లూకా పోయాడు. 1549లో ఎలియొనోరా అనే డచెస్ దానిని కొన్నది. అప్పటి నుండి మెడిచీలు, లొరేన్ వారు, 1865 నుండి కొన్నేళ్ళు ఇటలీ రాజధాని ఫ్లారెన్సు అయినప్పుడు సవోయ్ రాజులు అందులో ఉన్నారు. 1919లో రాజు దానిని ప్రభుత్వానికి ఇచ్చివేశాడు. ఇదంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరికినా కంటికి ఆననిది 1737.

ఆ సంవత్సరం జులైలో చివరి మెడిచి డ్యూకు జాన్ గాస్తొనే సంతానం లేకుండా మరణించాడు. యూరపు రాజులు బల్ల చుట్టూ కూర్చుని, ఎక్కడో పోలండు సింహాసనం గురించి జరిగిన యుద్ధానికి సర్దుబాటుగా, టస్కనీ రాజ్యాన్ని లొరేన్ ఫ్రాన్సిస్‌కు రాసిచ్చారు. మెడిచి ఇంట మిగిలినది జాన్ గాస్తొనే అక్క అన్నా మరియా లూయిసా ఒక్కతె. డెబ్బై ఏళ్ళ విధవరాలు, పిల్లలు లేరు. రాజ్యం ఎవరికి పోవాలో ఆమెను ఎవరూ అడగలేదు. అయితే మూడు శతాబ్దాల సొత్తు, అంటే పటాలు, శిల్పాలు, గ్రంథాలయాలు, రత్నాలు, అన్నింటికీ వారసురాలు ఆమే. 1737 అక్టోబరులో కొత్త వంశంతో కుదిరిన ఒప్పందంలో ఆమె ఒక షరతు పెట్టింది. ఇవన్నీ కొత్త పాలకునికి ఇస్తాను. కాని వీటిలో దేనినీ ఈ రాజధాని నుండి, ఈ రాజ్యం నుండి బయటకు తీసుకొనిపోరాదు. కారణాలు కూడా చెప్పింది: రాజ్యానికి అలంకారంగా ఉండడానికి, ప్రజల ఉపయోగానికి, విదేశీయుల కుతూహలాన్ని ఆకర్షించడానికి. చివరిది చదివినప్పుడు నేను నవ్వుకున్నాను. ఆ మూడవ కారణం మా అమ్మాయీ నేనూ, మన మిత్రులూ.

ఆ షరతు లేకపోతే ఏమయ్యేదో ఊహించవలసిన పని లేదు, ఇరుగుపొరుగు ఊళ్ళను చూస్తే చాలు. మాంటువాలో గొంజాగా ప్రభువులు 1627-28లో తమ చిత్రాలను ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్‌కు అమ్ముకున్నారు. ఆ రాజు తల తెగిన తరువాత అవి మళ్ళీ అమ్మకానికి వచ్చి చెదిరిపోయినవి. పార్మాలోని ఫార్నీజ్ వంశపు సేకరణ 1730లలో నేపుల్సుకు తరలిపోయింది. మొదెనా డ్యూకు 1746లో తన చిత్రాలలో మేలైనవి నూరు ఏరి డ్రెస్డెనుకు అమ్మాడు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట గోడలకు ఉన్నవి. మొదెనాలో పుట్టిన పిల్లవాడు మాత్రం తన ఊరి పటం చూడడానికి జర్మనీకి పోవాలి.

"భద్రంగా ఉంటే చాలు" అన్న వ్యాఖ్యాతగారికి ఇప్పుడొక కథ చెబుతాను. మెడిచీల దగ్గర నూటముప్ఫై ఏడు కారట్ల లేత పసుపు వజ్రం ఒకటి ఉండేది. భారతదేశం నుండి పోయినదని చెబుతారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులను చూసి వ్రాసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఫ్లారెన్సులో ఈ వజ్రాన్ని కూడా కళ్ళారా చూసి బరువు కట్టి వ్రాశాడు. (ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం క్రింద ఉన్నది.) ముసలమ్మ షరతు ఈ ఒక్క రాయిని ఆపలేకపోయింది. అది కొత్త వంశంతో వియన్నాకు పోయి, 1745లో ఫ్రాన్సిస్ చక్రవర్తి అయినప్పుడు కిరీటంలో పొదగబడింది. 1918లో సామ్రాజ్యం కూలినప్పుడు రాజకుటుంబంతో దేశం దాటింది. అటుపైన జాడ లేదు. దొంగిలించారన్నారు, కోసి ముక్కలు చేశారన్నారు. 2025 నవంబరులో ఆ వంశపువారే బయటపెట్టారు: ఇన్నాళ్ళూ అది కెనడాలో ఒక బ్యాంకు పెట్టెలో ఉన్నదట! అయ్యా, వందేళ్ళ పాటు దానికి గీటు కూడా పడలేదు. మీ లెక్కలో అంతకంటే భద్రత ఏమున్నది? చూసినవాడు లేడు, అంతే.

నెపోలియన్ సేనలు కూడా 1799లో ఈ సౌధం గోడల నుండి పటాలను ఊడదీసి పారిసుకు పంపినవి. రఫాయెల్ వ్రాసిన కుర్చీలోని మాతృమూర్తి, అదే గుండ్రని పటం, వాటిలో ఒకటి. నెపోలియన్ పడిపోగానే 1815లో తిరిగి వచ్చింది. ఆ దోపిడీకి ఒక చిత్రమైన జ్ఞాపకం వీనస్ గదిలోనే నిలబడి ఉన్నది. ఫ్లారెన్సు ప్రాణంగా చూసుకునే ప్రాచీన వీనస్ విగ్రహాన్ని ఫ్రెంచివారు పట్టుకొనిపోతే, ఆ లోటు పూడ్చడానికి నకలు చెక్కమని శిల్పి కనోవాను అడిగారు. ఆయన నకలు చెక్కనన్నాడు, తన సొంత వీనస్‌ను చెక్కాడు. 1812లో అది ఫ్లారెన్సు చేరింది. మూడేళ్ళకు అదే కనోవా, పోపు తరఫున పారిసు వెళ్ళి, రోము నుండి తరలిపోయినవాటిని వెనక్కు అడిగి తెచ్చాడు. ఎక్కడ ఉంటేనేమి అనుకునే మనిషి ఆ వయసులో అంత దూరం పోడు.

ఇక్కడ నన్ను ఎదురు ప్రశ్న వేయవచ్చు. వేయకముందే నేను వేసుకుంటాను. ఈ మెడిచీలు తక్కువ తిన్నారా? తినలేదు. బోబొలి తోట నడుమ రంగస్థలంలో నిలిపిన స్తంభం ఈజిప్టుది. రోమను చక్రవర్తులు అక్కడి నుండి తెచ్చారు, మెడిచీలు రోములోని తమ ఇంట నిలుపుకున్నారు, 18వ శతాబ్ది చివర లొరేన్ వారు ఫ్లారెన్సుకు తెచ్చారు. ఉర్బినో వంశం అంతరిస్తే అక్కడి పటాలు పెళ్ళికూతురు వెంట సారెగా ఫ్లారెన్సు చేరినవి. అన్నిటికంటే నన్ను బాధించినది రఫాయెల్ వేసిన ఒక పెద్ద పటం. అది పేష్యా అనే చిన్న ఊరి గుడిలో ఉండేది. 1697లో రాకుమారుడు ఫెర్దినాందో, ఈ అన్నా మరియా లూయిసాకు సొంత అన్న, దానిని కొని పిట్టికి తరలించి, గుడిలో నకలు పెట్టించాడు. ఊరివారు గగ్గోలు పెట్టారు. 2023లో కొన్ని వారాల పాటు ఆ పటాన్ని మళ్ళీ ఆ గుడికి పంపారు. 326 ఏండ్ల తరువాత! కొన్ని వారాలు! పిట్టిని మెచ్చుకునే నోటితోనే దీనిని తప్పు అంటాను. నా వాదం ఫ్లారెన్సుకు తగిలితే తగలనీయండి.

"రాజుల భోగం, ప్రజల చెమట" అని ఇంకొక వ్యాఖ్య కూడా చూశాను. కాదనను. అయితే 1944 వేసవిలో జర్మనులు నదీతీరపు ఇళ్ళను ఖాళీ చేయించి, పోంతె వెక్కియో తప్ప వంతెనలన్నీ పేల్చివేసినప్పుడు, నిలువ నీడ లేని వేలాది జనం తలదాచుకున్నది ఈ సౌధంలోనే. ఆ చెమటకు ఆ కొద్దిరోజులైనా అద్దె ముట్టింది.

తోట విషయంలో మిత్రులు చేసినది చిన్న పొరపాటు. పూల కోసం చూశారు. ఇటలీ పద్ధతి తోటలో పువ్వు అతిథి, ఇంటివారు రాయి, నీరు, వాలు, ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్లు. మల్లెపందిరి లేదని మండపాన్ని తప్పుపట్టినట్లున్నది. 205 మీటర్ల పొడవున కనబడే సౌధపు ముఖానికి రాయి ఎక్కడిదో వారు అడిగి ఉంటే బాగుండేది. వెనుక కొండనే తవ్వారు. తవ్వగా ఏర్పడిన గుంతను అర్ధచంద్రాకారంగా మలిచి రంగస్థలం చేశారు. అంటే ఇల్లు ఎక్కడి నుండి లేచి వచ్చిందో ఆ ఖాళీయే తోటకు గుండె. ఈ జంటను విడదీసి ఏ మ్యూజియం తీసుకొనిపోతుంది? 1766లోనే ఈ తోటను ప్రజలకు తెరిచారు. సైప్రసు చెట్ల నడుమ వాలుగా దిగిపోయే పొడవాటి బాట చివర నీటి నడుమ ఒక చిన్న దీవి ఉన్నది. చుట్టూ మట్టికుండీలలో నిమ్మ, దబ్బ జాతుల చెట్లు. చలికాలం రాగానే వాటిని కుండీలతో సహా మోసుకొనిపోయి, 1778 నాటికి కట్టిన నిమ్మశాలలో పెడతారు, వసంతంలో మళ్ళీ బయటకు తెస్తారు. రెండున్నర శతాబ్దాలుగా! మా ఇంటి పెరటిలో రెండు కుండీలు ఎండకు జరపమంటే విసుక్కునేవాణ్ణి నేను.

ఆ తోటలోనే బుయొంతలెంతి కట్టిన కృత్రిమ గుహ ఉన్నది. మైకెలాంజెలో సగం చెక్కి వదిలిన నలుగురు బందీల శిల్పాలను దాని నాలుగు మూలల్లో, కొండను మోస్తూ రాతిలో నుండి బయటపడుతున్నట్లు అమర్చారు. 20వ శతాబ్ది మొదట్లో వాటిని అదే ఊరిలోని అకాడెమీ శాలకు చేర్చి, ఇక్కడ అచ్చులు పోసి నిలిపారు. తడికి రాయి చెడుతుందంటే ఒప్పుకుంటాను. అకాడెమీలో అసలైనవి చూశాను, వెలుగు బాగున్నది, జనం బాగా చూస్తున్నారు. గుహలో నకళ్ళను చూశాను. గుహలోనే ఎక్కువసేపు నిలబడ్డాను. పండితులు ఏమన్నా అననీయండి.

ఇంత దూరం వచ్చి అమరావతి పేరెత్తకుండా ఉండలేను. ఆ పదిమందిలో ఒకరు అన్నమాట కూడా అదే: తెల్లవారు తీసుకొనిపోకపోతే అమరావతి స్తూపపు రాళ్ళు సున్నపు బట్టీలో కాలిపోయేవి కదా అని. నిజమే. కట్టడాల కోసం వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి మనుషులు ఆ దిబ్బను తవ్వారు. శిల్పాలను సున్నానికి కాల్చినది మనవారే. 1790ల చివర మెకంజీ రాకపోయి ఉంటే బొమ్మలైనా గీసి ఉండేవారు కారు. 1845లో ఎలియట్ తవ్వి మద్రాసు చేర్చాడు. 1859లో వాటిలో కొన్ని లండను చేరినవి. నేడు బ్రిటిషు మ్యూజియంలో నూటఇరవైకి పైగా ఉన్నవి, చెన్నైలో మరెన్నో. కాపాడినవారికి నమస్కారం పెడతాను. కాని వరదలో కొట్టుకొనిపోతున్న బిడ్డను ఒడ్డుకు చేర్చినవాడు పుణ్యాత్ముడే అయినా, ఆ పుణ్యానికి బిడ్డ ఇంటిపేరు మార్చుకుంటానంటే ఒప్పుకుంటామా? స్తూపం చుట్టూ ప్రదక్షిణంగా నడిచేవాని కంటికి ఒకటొకటిగా కథ విప్పడానికి చెక్కిన పలకలవి. పలకను ఓడకెక్కించవచ్చు, నడిచే త్రోవను ఎక్కించలేరు. కాల్చడం ఒక పాపం. మనకు అప్పుడు షరతు పెట్టే ముసలమ్మ లేకపోవడం ఒక దురదృష్టం. లేకపోయిందని ఒప్పుకోవడానికి బదులు, ఎక్కడ ఉంటేనేమి అనడం మూడవది. దానికి పేరు మీరే పెట్టండి.

మిత్రులు మళ్ళీ ఫ్లారెన్సు వెళతారని ఆశిస్తాను. ఫిబ్రవరిలో వెళితే 18వ తేదీ చూసుకోమని మనవి. అన్నా మరియా లూయిసా 1743లో పోయిన రోజు అది. ఆనాడు ఆ ఊరివారు ఆమెను తలచుకుని, నగరపాలక మ్యూజియాలలో అందరినీ ఉచితంగా లోపలికి పంపుతారు. పిట్టి ప్రభుత్వానిది కాబట్టి దానికి టికెట్టు కొనవలసి రావచ్చు. తోటకు వేరే టికెట్టు. సోమవారం సౌధం మూత. మెట్లు చాలా ఉన్నవి, కాళ్ళ నొప్పులున్నవారు తోటను మరునాటికి పెట్టుకోండి.